సిగ్గరి అమ్మాయి నటిగా నిలబడగలదా?

"నాకు సిగ్గు ఎక్కువ, ఆడిషన్‌కి వెళ్తే గొంతు పెగలదు, ఈ రంగంలో నాకు ఆశ ఉందా?" అని అడిగారు. ఉంది, బోలెడంత ఉంది. చుట్టాలొస్తే తలుపు చాటుకి పోయే పిల్లని నేను. ఇవాళ నన్ను పోషిస్తున్నది నటనే.

ముందు ఒక మాట. సిగ్గు పోగొడతామనే క్లాసులకి డబ్బు తగలెయ్యకండి. అద్దం ముందు ప్రాక్టీసు చెయ్యమనే సలహా ఇంకా ఘోరం. మనల్ని మనమే గమనించుకుంటూ ఉండటమే కదా సిగ్గరికున్న బాధ! అద్దం చేసేది ఆ అలవాటుని ముదరబెట్టడమే.

కొత్తలో నాకు చెల్లెలి వేషం వచ్చింది. ఊరెళ్తున్న అన్నని ఆపాలి. చిన్న చిన్న డైలాగులే. లైట్లు వేసి "సైలెన్స్" అనగానే నోరెండిపోయింది. సౌండ్ చూసే ఆయన హెడ్‌ఫోన్స్ పక్కకి లాగి, "పెదాలైతే కదులుతున్నాయి, మాటే రావట్లేదు" అన్నాడు. యూనిట్ అంతా నవ్వు. అమ్మ వేషం వేస్తున్న సీనియర్ నటి నవ్వలేదు. కాస్ట్యూమ్స్ వాళ్ల దగ్గర్నుంచి ఓ చొక్కా, సూది, దారం, గుండీ తెచ్చి నా ఒళ్లో పడేసింది. "మీ అన్న చొక్కా ఇది. వాడు గడప దాటేలోపు గుండీ కుట్టెయ్. డైలాగు సంగతి తర్వాత."

దారం ఎక్కితేగా! చేతులు చెమటలు, దారం కొస చీలిపోయింది. నోట్లో తడిపి మళ్లీ పెడుతుంటే అన్న వేషం అబ్బాయి "వెళ్తున్నా" అన్నాడు. నాకు నిజంగానే ఒళ్లు మండి, "ఉండరా, అవలేదింకా!" అనేశాను. అది స్క్రిప్టులో లేదు. దాని వెనకే అసలు డైలాగులు వాటంతటవే వచ్చేశాయి. కట్ చెప్పాక కూడా కుడుతూనే ఉన్నాను. డైరెక్టర్ "ఓకే, నెక్స్ట్" అన్నాడంతే. అక్కడ అంతకుమించి మెప్పు దొరకదు, ఇప్పుడే చెప్తున్నా.

దీన్ని ఆవిడేమీ కనిపెట్టలేదు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ని స్థాపించినవాళ్లలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ నటులకి ఇదే నేర్పాడు: దగ్గరున్న ఒక వస్తువు చుట్టూ చిన్న వలయం గీసుకుని మనసంతా అందులో పెడితే, జనం మధ్యలో ఉన్నా ఒంటరిగా ఉన్నట్టే ఉంటుందని. అయినా భయం కొత్తవాళ్లకేనా? బ్రిటిష్ మహానటుడు లారెన్స్ ఒలివియర్ అంతటివాడు 1960లలో, లండన్‌లో నేషనల్ థియేటర్ నడుపుతున్న రోజుల్లోనే, స్టేజీ భయంతో అల్లాడి, నా కళ్లలోకి చూడొద్దని తోటి నటుల్ని బతిమాలుకున్నాడు.

నా అసలు కోపం వేరే. మాట్లాడకపోతే "పొగరు" అంటారు. షాట్ గ్యాప్‌లో పుస్తకం పట్టుకుంటే "మేడమ్ గారు మూడ్‌లో ఉన్నారు" అంటారు. అదే హీరో మూల కూర్చుంటే మాత్రం ఆయన పాత్రలో లీనమైపోయాడట! ఇంకా విచిత్రం, కెమెరా ముందు బాగా చేసేది ఎక్కువగా ఈ నోరులేని వాళ్లే. గలగలా మాట్లాడేవాళ్లు క్లోజప్‌లో ఎదుటివాడి మాట వినరు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. సిగ్గరులు చిన్నప్పట్నుంచీ వింటూనే పెరిగారు కదా.

ఈసారి ఆడిషన్‌లో సీన్ ఇవ్వగానే "ఈ మనిషి ఇప్పుడు ఏం పని చేస్తూ ఉంటుంది?" అని అడగండి. చెప్పకపోతే మీరే ఒకటి పెట్టుకోండి. బట్టలు మడత పెట్టడం మాత్రం వద్దు, అది అందరూ చేస్తున్నారు.