ఇమ్యూనిటీ పెంచితే క్యాన్సర్ పాకకుండా ఆగుతుందా?

"మా నాన్నకి క్యాన్సర్, ఇమ్యూనిటీ పెంచే కషాయాలు తాగితే వేరే చోటికి పాకదంటున్నారు, నిజమేనా" అని అడిగారు కదా. ఆ మాట నమ్మి మేం ఒకసారి దెబ్బతిన్నాం.

అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక కర్నూలులో మా ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక చిట్కా చెప్పిపోయారు. మా పెద్దమ్మయితే నంద్యాల నుంచి తిప్పతీగ కట్టలు తెచ్చి, రోజూ పరగడుపున దంచి కాచి గ్లాసుడు తాగించేది, అమ్మ ముక్కు మూసుకుని మింగేది. రెండో కీమోకి వెళ్తే ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తపరీక్షలో పెరిగే అంకె) బాగా పెరిగింది, కీమో రెండు వారాలు వెనక్కి పోయింది. తిప్పతీగ వల్లేనని తేల్చలేం, కీమో వల్లా పెరగొచ్చు, కానీ దానితో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయని డాక్టరమ్మ మాన్పించింది. పెద్దమ్మ నెల రోజులు మాతో మాట్లాడలేదు లెండి.

రోగాలతో పోరాడే తెల్లకణాలు పెరిగితే మంచిదే కదా మేడం అని డాక్టరమ్మని అడిగాను. ఏ కణాలు, ఎవరి పని చేస్తున్నాయో చూడాలంది. తెల్లకణాల్లో మాక్రోఫేజులని ఒక రకం ఉంటాయి, పుండు పడితే చెత్త తినేసి, కొత్త రక్తనాళాలు రప్పించి మాన్పేవి అవే. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే పాథాలజిస్టు క్యాన్సర్ గడ్డని మానని పుండుతో పోల్చింది ఇందుకే. రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ కణాలు సీఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్ వదిలి ఈ మాక్రోఫేజులని పిలుస్తాయి, ఇవి ఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ ఇచ్చి గడ్డ కణాలని కదిలిస్తాయి, అలా రెండూ కలిసి రక్తనాళం దాకా పోతాయి, దారిలో అడ్డొచ్చే కణజాలాన్ని ఎంజైములతో కరిగించడానికీ ఇవే సాయం. రక్తంలో పడ్డాక కొన్ని క్యాన్సర్ కణాలకి న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు తోడు. కంచే చేను మేయడమే ఇది.

అలాగని తెల్లకణాలు తగ్గితే మేలనుకోకండి. తెల్లకణాల్లోనే టి కణాలు, ఎన్‌కే కణాలు అనే రకాలు క్యాన్సర్‌ని చంపేవే, గడ్డ టి కణాలకి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసే పద్ధతి కనిపెట్టినందుకే ఆలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ వచ్చింది. అలా బ్రేకు తీసే మందులు అందరికీ పనిచేయవు, బ్రేకు పోయిన టి కణాలు ఒక్కోసారి సొంత ఊపిరితిత్తులు, పేగుల మీదే పడతాయి. కషాయంతో అయ్యే పని కాదది.

కీమోలో ఉండగా జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నాన్నగారు ఇప్పటికే ఏదైనా తాగుతుంటే డాక్టరుకి చెప్పేయండి, మేం తిడతారని దాచాం.