వయోలా బీచ్ బ్యాండ్‌కి ఏమైంది? ఒక్క ఆల్బమ్‌తోనే ఎందుకు ఆగిపోయింది?

వాళ్లు విడిపోలేదండీ, నలుగురూ ఒకే రాత్రి చనిపోయారు.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్, మాంచెస్టర్ల మధ్య ఉండే వారింగ్టన్ కుర్రాళ్లు వీళ్లు. 2013లో మొదలుపెట్టి, 2015లో 'స్వింగ్స్ అండ్ వాటర్‌స్లైడ్స్' పాటతో కాస్త పేరు తెచ్చుకున్నారు. హుషారైన గిటార్ పాట, వింటే ఎండాకాలం సెలవులు గుర్తొస్తాయి.

2016 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని నార్‌షోపింగ్‌లో కచేరీ చేశారు. 13వ తేదీ తెల్లవారుజామున తిరిగి వస్తుంటే, సోడర్‌తాల్యె దగ్గర కాలువ మీది వంతెన ఓడ కోసం తెరుచుకుని ఉంది. ఆగి ఉన్న బళ్లను దాటుకుని వీళ్ల కారు ముందుకెళ్లి, 25 మీటర్ల కింద నీళ్లలో పడింది. మేనేజర్‌తో కలిపి ఐదుగురూ పోయారు.

ఆ జూన్‌లో ఇంగ్లండ్‌లో జరిగే పెద్ద సంగీతోత్సవం గ్లాస్టన్‌బరీ వేదిక మీద, పేరున్న బ్రిటన్ బ్యాండ్ కోల్డ్‌ప్లే వాళ్లు వీళ్ల వీడియోని పెద్ద తెర మీద వేసి, వీళ్ల 'బాయ్స్ దట్ సింగ్' పాటలో తామూ గొంతు కలిపారు. బతికుంటే ఏదో ఒక రోజు ఆ వేదిక ఎక్కేవాళ్లేమో అన్నట్టు. నాకైతే ఆల్బమ్ కంటే ఆ వీడియోనే ఎక్కువ గుర్తుండిపోయింది.

చేసిపెట్టుకున్న రికార్డింగులను జులై నెలాఖర్లో ఆల్బమ్‌గా తెచ్చారు. అది బ్రిటన్ చార్టులో ఏకంగా మొదటి స్థానానికి చేరింది.