హెచ్4 మీద ఉండి కమ్యూనిటీ కాలేజీలో నేచురల్ రిసోర్సెస్ చదివితే పనికొస్తుందా?

ప్రశ్న: సియాటెల్ దగ్గర హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంటున్నాను, ఇండియాలో బీకాం చేశాను. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ రెండేళ్ల కోర్సు చేద్దామని ఉంది. అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరండి. హెచ్4 వాళ్లు చదువుకోవడానికి ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారక్కర్లేదు. నేనూ హెచ్4 మీదే ఆబర్న్‌లోని గ్రీన్ రివర్ కాలేజీలో ఈ చదువు చదివాను. చదువుతో పేచీ లేదు, చిక్కంతా ఉద్యోగం దగ్గరే.

ఇది కుర్చీలో కూర్చుని గట్టెక్కే కోర్సు కాదు. వాన పడుతోందని ఫీల్డ్ ల్యాబ్ ఆపరు (ఇక్కడ వాన తగ్గేదాకా ఆగితే వేసవి వచ్చేస్తుంది). ముందు చెట్లను గుర్తుపట్టాలి, లాటిన్ పేర్లతో సహా. డగ్లస్ ఫర్ తేలిక: దాని కాయ పొలుసుల్లోంచి మూడు మొనల రేకులు పొడుచుకొచ్చి, ఎలుక లోపలికి దూరి వెనక కాళ్లూ తోకా బయట వదిలేసినట్టు ఉంటుంది. తర్వాత కొలతలు. కాండం మందాన్ని నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులోనే కొలవాలి, వాలు మీదయితే ఎగువ వైపు నిలబడి. వయసు తెలియాలంటే బోరర్‌ను (చెట్టుకు సన్నటి రంధ్రం చేసే బోలు గొట్టాన్ని) చేత్తో తిప్పుతూ కాండం నడిమి దాకా దించాలి. సన్నటి పుల్ల బయటికొస్తుంది, దాని మీద వలయాలు లెక్కపెట్టాలి. చెట్లు కిక్కిరిసిన చోట ఆ గీతలు ఎంత దగ్గరగా ఉంటాయంటే భూతద్దం లేనిదే లెక్క తేలదు, అంటే ఆ చెట్టు ఏటా కాస్తే లావెక్కిందన్నమాట. కొన్ని చెట్లు కొట్టేస్తేనే మిగతావి ఎందుకు బాగుపడతాయో పుస్తకం చదివితే నాకు ఎక్కలేదు, ఆ పుల్ల చూశాక ఎక్కింది.

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, భౌగోళిక సమాచారంతో చేసే పని) మాత్రం మనసు పెట్టి నేర్చుకోండి. రేపు మోకాళ్లు మొరాయించినా అది అన్నం పెడుతుంది.

ఇక ఉద్యోగాలు. ఫారెస్ట్ సర్వీస్, నేషనల్ పార్కుల్లాంటి ఫెడరల్ కొలువులు దాదాపు అన్నీ సిటిజన్లకే. ఈ రెండేళ్ల చదువుతో అక్కడ జీఎస్-4 (ఫెడరల్ జీతాల శ్రేణిలో కింది మెట్లలో ఒకటి) స్థాయి టెక్నీషియన్‌గా మొదలుపెట్టొచ్చు, కానీ మనకు ఆ తలుపు తెరవరు. ఈఏడీ (ఉద్యోగం చేసేందుకు ఇచ్చే అనుమతి కార్డు) ఉంటే కౌంటీలు, కన్జర్వేషన్ డిస్ట్రిక్టులు (నేల, నీటి సంరక్షణ చూసే స్థానిక సంస్థలు), ప్రైవేటు కన్సల్టింగ్ సంస్థలు చూడండి. ఇక్కడి ఆదివాసీ తెగల ప్రభుత్వాలనూ మరిచిపోవద్దు. 1974లో ఫెడరల్ కోర్టు ఇచ్చిన బోల్ట్ తీర్పుతో సాల్మన్ చేపల వేటలో సగం వాటా హక్కుగా దక్కింది కాబట్టి వాళ్లకు సొంత మత్స్య, పర్యావరణ విభాగాలున్నాయి. ఎఫ్1కి మారినా అసోసియేట్ డిగ్రీకి (ఈ రెండేళ్ల డిగ్రీకి) 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి) వరకే, సైన్స్, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపుకు కనీసం బ్యాచిలర్స్ ఉండాలి.

అందుకే చేరకముందే అడ్వైజర్‌ని ఒకటి గట్టిగా అడగండి: ఇది ట్రాన్స్‌ఫర్ డిగ్రీయా, ఉద్యోగం కోసం పెట్టిన అప్లైడ్ డిగ్రీయా? రెండోదైతే యూనివర్సిటీకి మారేటప్పుడు చాలా క్రెడిట్లు లెక్కలోకి రాకపోవచ్చు. బీకాం ఉంది కదా, పాత క్రెడిట్లు మూల్యాంకనం చేయించండి, ఇంగ్లిష్, లెక్కల్లాంటివి కొన్ని మళ్లీ చదివే పని తప్పొచ్చు.

ఈఏడీ రాకముందు నేను శనివారాలు పార్కుల్లో వాలంటీరుగా ఇక్కడ కలుపులా పాకే హిమాలయన్ బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలు పీకాను. తర్వాత నన్ను సిఫారసు చేసింది అక్కడ పరిచయమైనవాళ్లే. ఏడాదిలోపు జీతం చేతికి రాకపోతే ఇల్లు గడవదంటే టెస్టింగే నయం. ఆ ఒత్తిడి లేకపోతే ఫాల్ క్వార్టర్‌కి అప్లై చేయండి, బూట్లు మాత్రం చవకవి కొనకండి.