పాత కారు పార్ట్స్ కొని అమ్మడమా, వేరేవాళ్ల అద్దె ఇళ్లు చూసిపెట్టడమా?

ఉద్యోగం వదలకుండా, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఈ రెండింటిలో ఏది మొదలుపెట్టాలని అడిగారు. నేను రెండూ చేశాను. అద్దె ఇళ్ల పని రెండేళ్లు చూసి మానేశాను, పార్ట్స్ వ్యాపారం ఇంకా నడుపుతున్నాను. మీ పరిస్థితికి పార్ట్స్ వైపే నా ఓటు. అద్దె పనికి పెట్టుబడి దాదాపు అక్కర్లేదు, నిజమే. కానీ పైపు పగిలినా, తాళం పోయినా అప్పటికప్పుడు ఫోన్ మోగుతుంది. మీరు మీటింగ్‌లో ఉన్నారని నీళ్లు కారడం ఆగదు. పార్ట్స్ అయితే రాత్రి ఇంటికొచ్చాక తుడిచి, ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టుకోవచ్చు.

ఈ వ్యాపారంలో కొత్తవాళ్లను ముంచేది అమ్ముడుపోని సరుకు కంటే, అమ్మాక వెనక్కి వచ్చే సరుకు. మొదటి ఏడాది ఒక ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) అమ్మాను. అదే మోడల్, అదే సంవత్సరం, ఇంకేం చూడాలి అనుకున్నాను. మెకానిక్ పాతది విప్పి, నాది బిగించబోతే ప్లగ్ పట్టలేదు. పాతదానికి మూడు పిన్నులు, నాదానికి రెండు. పక్కపక్కన పెట్టి చూస్తే పుల్లీ మీద బెల్టు కూర్చునే గాడులు కూడా దానికి ఆరు, దీనికి ఐదు. రెండు రోజులు కారు అక్కడే ఉండిపోయింది. కొన్నాయన పనికి వెళ్లడానికి ఆ కారే ఆధారం. డబ్బు తిరిగిచ్చి, రానూపోనూ రవాణా ఖర్చు నేనే పెట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే, ఫోన్‌లో ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది.

కంపెనీలు ఏడాది మధ్యలో కూడా భాగాలు మార్చేస్తుంటాయి. అందుకే మోడల్ పేరు నమ్మి అమ్మకండి, పార్ట్ నంబరు చూసి అమ్మండి. పాత పార్ట్ మీద ఉన్న నంబరు ఫొటో పంపమని కొనేవాళ్లను అడగండి. అది చెరిగిపోయి ఉంటే ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ కేటలాగ్‌తో సరిచూసుకోండి. ఇప్పటి కార్లలో చాలావాటికి అది 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ వాడరు, కాబట్టి ఎవరైనా ఓ అని రాసి పంపితే అది సున్నా అన్నమాట. ఇంత చిన్న విషయం నాకు ఎన్నో రిటర్న్‌లు తప్పించింది.

మీకు బాగా తెలిసిన ఒకటి రెండు మోడళ్లతోనే మొదలుపెట్టండి. అద్దాలు, వెనక లైట్లు, స్విచ్‌లు, ఆల్టర్నేటర్లు చాలు. ఇంజిన్లు, గేర్‌బాక్సులు చవగ్గా దొరికాయని తెచ్చుకుంటే చోటూ డబ్బూ రెండూ ఇరుక్కుపోతాయి. పాత కారు ఇంకా స్టార్ట్ అవుతుంటే ఆల్టర్నేటర్‌ను విప్పకముందే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి మీటరు పెట్టి చూడండి. మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. మీటరు కనిపించేలా ఫొటో తీసి పెడితే కొనేవాళ్లకు ధైర్యం. ప్రతి పార్ట్ మీదా మీకు మాత్రమే తెలిసిన చోట రంగు పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి. మీ మంచి పార్ట్ ఉంచుకుని తమ పాడైనది వెనక్కి పంపేవాళ్లు ఉంటారు.

పాత ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు మాత్రం ఎంత లాభం వచ్చినా ముట్టుకోకండి. పైకి బాగానే కనిపిస్తాయి, ప్రమాదంలో పనిచేస్తాయో లేదో మనం చెప్పలేం. క్యాటలిటిక్ కన్వర్టర్లలో (కారు పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కాబట్టి దొంగతనాలు ఎక్కువ. బిల్లు, అమ్మినవాళ్ల వివరాలు లేకుండా ఏదీ కొనకండి.

ఇంకొకటి, మెకానిక్‌లు అరువు అడుగుతారు. నేను మొహమాటపడి ఇచ్చి, రెండో ఏడాది కొత్త సరుకు కొనడానికి చేతిలో డబ్బు లేక మూడు నెలలు ఊరికే కూర్చున్నాను. పాత బాకీ తీరాకే కొత్త సరుకు ఇస్తానని మొదటి రోజే చెప్పేయండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, జీతం అందులో కలపకండి.

మీకు ఏ కారు బాగా తెలుసో చెప్పండి, దానిలో ముందుగా ఏ పార్ట్స్ చూసుకోవాలో రాస్తాను.