ఇటాలియన్ పోలీసు కామెడీల్లో మొదట ఏది చూడాలి?

మీరు ఇటలీ నటుడు బడ్ స్పెన్సర్ గుద్దుల సినిమాలు రెండు మూడు చూసి, ఇటలీ పోలీసు కామెడీ అంటే ఇంతేనా అని అడిగారు. ఇంతే కాదు. 1951లో వచ్చిన 'గ్వార్దియె ఎ లాద్రి' చూడండి. మన పిల్లలు ఆడుకునే దొంగా పోలీసు ఆటను అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు.

నేను చదువుకోసం రోమ్‌లో ఉన్నప్పుడు మా ఇంటి ఓనరమ్మ టీవీలో ఈ సినిమా పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టారు. అప్పటికి నా ఇటాలియన్ కూరగాయల బేరాల వరకే. పైగా దొంగ వేషం వేసిన తొతోది నేపుల్స్ యాస, పోలీసుగా చేసిన అల్దో ఫాబ్రిత్సిది రోమ్ యాస. సగం అర్థం కాలేదు. అయినా కదలబుద్ధి కాలేదు, ఎందుకంటే మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు.

కథ చిన్నది. తొతో రోమన్ ఫోరమ్ శిథిలాల దగ్గర ఒక అమెరికన్‌కి నకిలీ పాత నాణెం అంటగడతాడు. తర్వాత పేదలకి సాయం పొట్లాలు పంచే చోటికి వెళ్తే, పంచే పెద్దమనిషి ఆ అమెరికనే! దొంగ పరుగు, వెనకాల బొజ్జేసుకుని ఫాబ్రిత్సి పరుగు. ఊరు దాటాక ఇద్దరికీ ఆయాసం వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగి బేరాలు మొదలుపెడతారు. కాలుస్తానంటాడు పోలీసు. ఆత్మరక్షణకైతేనే కాల్చాలి, నేను మీ మీదకి రావడం లేదు కదా అంటాడు దొంగ. చివరికి దొంగ జారుకుంటాడు. మూడు నెలల్లో వాణ్ని పట్టుకురాకపోతే పోలీసు ఉద్యోగం పోతుంది.

మా నాన్నకి ఎస్కార్టు డ్యూటీ పడితే ముందురోజు రాత్రి నిద్ర ఉండేది కాదు. ఖైదీ పారిపోతే ముందు సస్పెండయ్యేది ఎస్కార్టే. ఆ టెన్షన్ తెలిసినవాళ్లకి ఈ సినిమా ఇంకోలా ఎక్కుతుంది. ఫాబ్రిత్సి మఫ్టీలో దొంగ ఇంటికి రాకపోకలు పెట్టుకుంటాడు, పిల్లలు కలిసిపోతారు, ఆడవాళ్లు స్నేహితులైపోతారు. ఇక పట్టుకోవడం ఎలా?

డైరెక్టర్లు ఇద్దరు, స్తెనో, మారియో మోనిచెల్లి. అప్పటికే 1949 నుంచి జంటగా సినిమాలు తీస్తున్నారు. పోలీసు దొంగ మీద జాలిపడటమేంటని సెన్సారు పేచీ పెట్టింది కూడా. 1952లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో స్క్రీన్‌ప్లే అవార్డు పియెరో తెల్లినికి వచ్చింది, కానీ రాతలో ఫ్లయానో, బ్రంకాతి లాంటివాళ్ల చేయీ ఉంది, ఫాబ్రిత్సి చేయి కూడా. కెమెరా మారియో బావా, తర్వాత హారర్ సినిమాలతో పేరు తెచ్చుకున్నాయనే. మీకు నచ్చిన బడ్ స్పెన్సర్‌కీ దీనికీ చుట్టరికం ఉంది. నేపుల్స్ ఇన్‌స్పెక్టర్ రిత్సోగా ఆయన చేసిన 'పియెదోనె లో స్బిర్రో' (1973) తీసింది ఇదే స్తెనో. అదీ సరదాగానే ఉంటుంది, నాకైతే ఒక్కసారి చాలనిపించింది.

సెలవులకి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఆపుతూ ఆపుతూ నాన్నకి తెలుగులో చెప్పాను. కాల్చే గొడవ దగ్గర "వాడు చెప్పింది కరెక్టే" అని తల ఊపారు. ఆఖర్న (చెప్పేస్తున్నందుకు తిట్టుకోకండి, డెబ్బై ఏళ్లు దాటిన సినిమా) రెండు కుటుంబాలూ ఒకే బల్ల దగ్గర భోంచేశాక, ఊరెళ్తున్నానని ఇంట్లో చెప్పి దొంగ బయల్దేరతాడు. దారిలో పోలీసుకి కాళ్లు ముందుకి పడవు. దొంగే ఆయన్ని జైలు వైపు లాక్కెళ్తాడు.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "స్టేషన్లో ఏమని రాసుంటాడంటావ్? పట్టుకొచ్చాననా, వాడే వచ్చాడనా?"