కారణమేదో, ఫలితమేదో తేల్చి రాయండి

ప్రియమైన యువ మిత్రులకు,

ఊబకాయంలో ఎపిజెనెటిక్స్ పాత్రపై మీరు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాషకు వంక పెట్టనక్కర్లేదు. చిక్కల్లా ‘తల్లి తిన్న తిండి బిడ్డ జన్యువులను మార్చేస్తుంది’ అన్న మొదటి వాక్యంతోనే వచ్చింది. జన్యువులు మారవు. డీఎన్‌ఏ అక్షరక్రమం యథాతథంగా ఉండగానే, దానికి మిథైల్ సమూహాలనే చిన్న రసాయనిక గుర్తులు అతుక్కోవడం వల్లనో, అది చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లలో రసాయనిక మార్పులు రావడం వల్లనో, ఒక జన్యువు ఏ కణంలో ఎంత మేరకు పనిచేస్తుందన్నది మారుతుంది. ఎపిజెనెటిక్స్ అంటే ఇదే. ఇది మొదట్లోనే చెప్పకపోతే తరువాత రాసినదంతా పాఠకుడు తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

బొచ్చు రంగును ప్రభావితం చేసే అగౌటి జన్యువుపై ఎలుకల్లో చేసిన ప్రయోగాన్ని ఎంచుకోవడం బాగుంది. 2003లో వాటర్‌లాండ్, జర్టిల్ అనే పరిశోధకులు తల్లి ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం, బి12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టగా, పిల్లల్లో ఆ జన్యువు దగ్గర మిథైలేషన్ (మిథైల్ సమూహాలు అతుక్కోవడం) పెరిగి, పసుపు బొచ్చుకు బదులు గోధుమ రంగు బొచ్చు వైపు మొగ్గు కనిపించింది. పెద్దయ్యాక స్థూలకాయం వచ్చేది పసుపు రంగువాటికే. అయితే ఆ జాతి ఎలుకల్లో అగౌటి జన్యువు పక్కన ఒక చొరబాటు డీఎన్‌ఏ ముక్క ఉండబట్టే ఇదంతా సాధ్యమైంది. ఆ సంగతి దాటవేసి, మరుసటి పేరాలోనే గర్భిణులకు సలహాలిచ్చారు. ఆ పేరా కొట్టేయండి. అసలే లోకం బిడ్డ బరువుకు తల్లినే తప్పుపడుతూ ఉంటుంది, సైన్సు పేరుతో మనమూ ఒక రాయి వేయనక్కర్లేదు.

నెదర్లాండ్స్‌లో 1944–45 నాటి కరువు గురించి సగమే చెప్పారు. గర్భం తొలి సగంలో ఆకలికి గురైన తల్లుల కొడుకుల్లో 19 ఏళ్ల వయసుకు ఊబకాయం ఎక్కువగా కనిపించిందని 1976 నాటి అధ్యయనం తేల్చింది. కానీ చివరి నెలల్లోనూ, పుట్టిన తొలి నెలల్లోనూ కరువును చవిచూసినవారిలో అది తక్కువ. ఈ రెండో మాట లేకపోతే, ఏ దశలో అన్న అసలు ప్రశ్నే కనుమరుగవుతుంది. గర్భధారణ సమయంలోనే కరువు తాకినవారిలో, ఆరు దశాబ్దాల తరువాత కూడా, పెరుగుదలతో సంబంధమున్న ఐజీఎఫ్2 జన్యువుపై మిథైలేషన్ వారి తోబుట్టువులకన్నా తక్కువగా ఉందని 2008లో కనుగొన్నారు. తేడా చాలా స్వల్పం. పైగా ఆ గుర్తే ఊబకాయానికి దారితీసిందని ఆ పరిశోధన నిరూపించలేదు.

మీరు ఎక్కువసేపు ఆలోచించవలసింది ఇక్కడే. శరీర ద్రవ్యరాశి సూచికతో (బీఎంఐ) ముడిపడిన మిథైలేషన్ మార్పులను 2017లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనం 187 చోట్ల గుర్తించింది. జన్యు సమాచారంతో పోల్చి చూస్తే, వాటిలో అధికభాగం కొవ్వు పెరగడం వల్ల వచ్చినవే తప్ప కొవ్వును పెంచినవి కావని తేలింది. మీ వ్యాసం అంతటా కారణం నుంచి ఫలితానికి గీసిన బాణం ఒకే దిక్కుకు ఉంది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, అది ఎటు తిరగాలో చూసుకోండి. రక్తంలో కొలిచారా, కొవ్వు కణజాలంలోనా అన్నదీ రాయండి, ఎందుకంటే ఒక కణజాలంలోని గుర్తు మరొకదానిలో ఉండాలని లేదు.

బరువు తగ్గినా కొవ్వు కణాలు పాత స్థితిని గుర్తుంచుకుంటాయన్న 2024 నాటి పరిశోధనను ముగింపులో ఉంచండి, కానీ విడదీసి చెప్పండి: మనుషుల్లో చూసింది జన్యువుల పనితీరులో మిగిలిపోయిన మార్పులను; ఎపిజెనెటిక్ గుర్తులను పరిశీలించిందీ, బరువు తిరిగి త్వరగా పెరగడాన్ని చూసిందీ మాత్రం ఎలుకల్లో. దాన్నిబట్టి ‘బరువు తగ్గడం వృథా’ అని మీరు రాసిన మాటకు ఆ పరిశోధనలో ఆధారం లేదు. సవరించిన ప్రతి పంపితే మళ్లీ చదువుతాను.