బెల్జియాన్ని నిలబెట్టింది కోటలు కాదు, లాకులు

1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో, జర్మనీ వచ్చి మీద పడితే బెల్జియం లాంటి బుల్లి దేశం నిజంగా ఏమైనా చేయగలిగిందా, ఊరికే నలిగిపోయిందా అని అడిగారు. ఉద్యోగం పని మీద నేను కొన్నాళ్లు బెల్జియంలోని గెంట్‌లో ఉన్నాను, ఆ చోట్లు కొన్ని తిరిగి చూశాను. నలిగిన మాట నిజమే. కానీ పూర్తిగా లొంగలేదు.

1839 లండన్ ఒప్పందం ప్రకారం బెల్జియం తటస్థ దేశం. ఫ్రాన్స్ మీదికి పోవడానికి దారి ఇమ్మని ఆగస్టు 2న జర్మనీ అడిగితే, ఆల్బర్ట్ రాజు కుదరదన్నాడు. 4న జర్మన్ సైన్యం సరిహద్దు దాటింది. ఆ రోజే బ్రిటన్ కూడా యుద్ధంలోకి దిగింది. లీజ్ నగరం చుట్టూ ఉన్న 12 కోటల్లో చివరిది 16న పడిపోయింది. 20న బ్రసెల్స్, అక్టోబరు 10న ఆంట్వెర్ప్ పోయాయి. మధ్యలో లూవెన్ యూనివర్సిటీ లైబ్రరీని తగలబెట్టారు, లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి.

పుస్తకాల్లో లీజ్ కోటలకే పేరెక్కువ. నన్నడిగితే అసలు కథ సముద్రం ఒడ్డున న్యూపోర్ట్‌లో జరిగింది.

డస్సిపోయిన బెల్జియం సైన్యం ఈజర్ నది దగ్గర నిలబడింది. ఇంకా వెనక్కి జరిగితే ఫ్రాన్సే. అక్కడి నేల పోటునీటి మట్టం కంటే పల్లం. మన కోనసీమ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది: సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, తలుపులెత్తి మురుగునీరు వదలాలి, పోటు వచ్చేసరికి దించేయాలి. న్యూపోర్ట్‌లో నదితో కలిపి ఆరు నీటిదారులు ఒకేచోట కలుస్తాయి, అన్నిటికీ లాకులు, అంటే నీటిని ఆపి వదిలే తలుపులు, ఉన్నాయి. బెల్జియం వాళ్లు ఈ పద్ధతిని తిరగేశారు. పోటుకు తెరిచారు, పాటుకు మూశారు. కాలువల పనులు చూసే కారెల్ కోగ్, పడవ నడుపుకునే హెండ్రిక్ గీరార్ట్ దగ్గరుండి దారి చూపారు. మొదటి ప్రయత్నంలో నీరు చాలలేదు. అక్టోబరు 29 రాత్రి ఇంకో లాకు ఎత్తాక పొలాలు నిండడం మొదలైంది.

న్యూపోర్ట్ నుంచి డిక్స్‌మ్యూడ్ ఊరికి వెళ్లే రైలుకట్ట కింది తూములన్నీ ముందే మూసేశారు కాబట్టి నీరు కట్టకూ నదికీ మధ్యే నిలిచింది. నది దాటి వచ్చిన జర్మన్లు బూట్లలోకి నీళ్లు చేరుతుంటే వెనక్కి తగ్గారు. ఆ కట్ట మీద ఇప్పుడు సైకిల్ దారి ఉంది. ఎత్తు చూస్తే నమ్మబుద్ధి కాదు, యుద్ధాన్ని ఆపే కట్టలా అస్సలు కనిపించదు! దాని వెనకున్న చిన్న నేల ముక్క యుద్ధం అయ్యేదాకా బెల్జియం చేతిలోనే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు 31న, కాస్త దక్షిణాన హోలెబెక్‌లో ఖుదాదాద్ ఖాన్ పోరాడాడు. బ్రిటన్ ఇచ్చే అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సిపాయి ఆయనే.

వెళ్లాలనుకుంటే ఓస్టెండ్ నుంచి ట్రామ్ ఉంది. లాకుల పక్కనే ఆల్బర్ట్ రాజు స్మారకం, దాని కింద మ్యూజియం. గాలి మాత్రం మామూలుగా ఉండదు, జాకెట్ పట్టుకెళ్లండి.